దాచిన 24, చేసిన అప్పు 24: ఒక కుటుంబం జమాఖర్చుల కేస్ స్టడీ

కుటుంబాలకు డబ్బు విషయంలో సలహాలివ్వడం నా వృత్తి. ఈ కేసులోని కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. వారిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. అసలు మొత్తాలు ఎక్కడా ఇవ్వడం లేదు. దంపతులిద్దరి నెల ఆదాయం కలిపి 100 అనుకుని, మిగతా అంకెలన్నీ ఆ లెక్కలోనే చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చే ప్రతి ఇంటి లెక్కనూ ఇలాగే మార్చుకుంటాను. ఇందులో రెండు సౌకర్యాలున్నాయి. పక్కింటివారి జీతంతో పోల్చుకునే వీలుండదు. పిల్లలను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడవచ్చు; జీతం ఎంతో వాళ్లకు చెప్పకుండానే దేనికి ఎంత వంతు పోతోందో చూపించవచ్చు.

ఇంటి పరిస్థితి

భర్తకు 41 ఏళ్లు, భార్యకు 38. ఇద్దరూ ఉద్యోగస్తులు. కూతురికి 14, కొడుకుకి 9. భర్త తల్లి వారితోనే ఉంటారు. ఇంటి అప్పు వాయిదాకు 24, ఇంటి అవసరాలకు 38, పిల్లల చదువుకు 11, వాహనం వాయిదాకు 6. మొత్తం 79. మిగిలిన 21 ఎటు పోతోందో ఇద్దరిలో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. నెలకు 2 మాత్రం డిపాజిట్‌లో పడుతోంది. అదే తమ పొదుపు అని భార్య నమ్మకం.

మొదటి సమావేశంలో ఇద్దరి ఫిర్యాదులు ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డాయి. "ఎంత బిగపట్టినా ఏమీ మిగలడం లేదండీ. ఈయన చెయ్యి ఆగదు" అన్నారామె. "మిగిలే ఆ కాస్త కోసం ఇంట్లో సరదా అన్న మాటే లేకుండా పోయింది. బయటికి వెళ్దామంటే చాలు, లెక్క మొదలుపెడుతుంది" అన్నాడాయన. ఇలాంటి జంటలు అరుదు కాదు. ఖర్చు చేయాలంటే బాధపడేవారు, ఆపుకోలేక ఖర్చు చేసేవారు ఒకరినొకరు పెళ్లి చేసుకునే ధోరణి ఉందనీ, ఆ తేడా ఎంత ఎక్కువైతే డబ్బు గొడవలు అంత ఎక్కువనీ స్కాట్ రిక్, డెబొరా స్మాల్, ఎలీ ఫింకెల్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. తనలో తనకు నచ్చని గుణానికి విరుగుడు ఎదుటి మనిషిలో కనిపిస్తుందట. పెళ్లయ్యాక ఆ విరుగుడే తలనొప్పి అవుతుంది.

అంతకు ముందు వారు ఒక ప్రయత్నం చేసి ఉన్నారు. ఏడాది మొదట్లో సరదాలన్నీ పూర్తిగా ఆపేశారు. మూడో నెలలో పెళ్లిరోజు వచ్చింది. అప్పటిదాకా ఆపుకున్నదంతా ఆయన ఒక్క వారంలో క్రెడిట్ కార్డు మీద తీర్చుకున్నాడు. సంకల్పం లేకపోవడం దీనికి కారణమని ఇద్దరూ అనుకున్నారు. నాకు మాత్రం అది సంకల్పం సమస్యగా తోచలేదు. ఏ ఖర్చు ఆపాలో తెలియనప్పుడు మనిషి కంటికి కనిపించేదాన్ని ఆపుతాడు. కంటికి ముందుగా కనిపించేది సరదాయే.

ఏడాది లెక్క

బడ్జెట్ వేయమని నేను మొదటే అడగను. గడిచిన 12 నెలల బ్యాంకు, కార్డు పట్టీలు తెమ్మంటాను. రాబోయే నెల గురించి రాసేది కోరిక. గడిచిన ఏడాది పట్టీలో ఉన్నదే అలవాటు. నెలకు 21 చొప్పున ఏడాదికి 252 వారి చేతిలో ఉండాలి. ఖర్చులన్నీ పద్దులవారీగా పంచితే తేలింది ఇది: అప్పుడప్పుడూ వచ్చే పెద్ద ఖర్చులు 90, బయట భోజనాలూ ఇంటికి తెప్పించుకునే భోజనాలూ 60, ఆన్‌లైన్‌లో చిన్నాచితకా కొనుగోళ్లు 36, ఒక విహారయాత్ర 34, రకరకాల నెలవారీ చందాలు 14, కార్డు వడ్డీ 18, డిపాజిట్‌లో వేసింది 24. కూడితే 276.

చేతిలో ఉన్నది 252. అంటే 24 ఎక్కువ. ఆ 24 ఎక్కడిదో కార్డు పట్టీ చెప్పింది: ఏడాది మొదట్లో 36 ఉన్న కార్డు బాకీ ఆఖరికి 60 అయింది. ఏడాది పొడవునా ఆమె ఒక పక్క 24 దాచింది, ఇల్లంతా కలిసి ఇంకో పక్క 24 అప్పు చేసింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి చూపించినప్పుడు ఇద్దరూ మొదటిసారిగా ఒకరినొకరు తప్పుపట్టకుండా కాగితం వైపు చూశారు.

'అనుకోని' ఖర్చులు

అన్నిటికన్నా పెద్ద పద్దు 90. అందులో బీమా ప్రీమియాలు, బండి మరమ్మతు, బంధువుల పెళ్లి కానుకలు, పగిలిన ఫోను, పాఠశాలలో ఏటా కట్టే అదనపు రుసుములు, పుట్టినరోజులు, కళ్లద్దాలు ఉన్నాయి. "ఇవన్నీ అనుకోకుండా వచ్చినవండీ" అన్నాడు భర్త. ఏ నెలలో ఏది వచ్చిందో వరుసగా రాయించాను. ఇలాంటిది ఒక్కటైనా రాని నెల లేదు.

దీని మీద అబిగైల్ సస్మన్, ఆడమ్ ఆల్టర్ 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోజువారీ ఖర్చుల అంచనాలో మనుషులు బాగానే ఉంటారు. అరుదైన ఖర్చుల దగ్గరే బోల్తా పడతారు. ప్రతి అరుదైన ఖర్చునూ విడిగా చూసి 'ఇది ఈ ఒక్కసారికే' అనుకుంటారు కాబట్టి, ఒక్కోదాని మీద ఎక్కువ పెట్టడానికీ వెనకాడరు. పుట్టినరోజు ఏటా అదే తేదీన వస్తుంది. బీమా గడువు పాలసీ కాగితం మీదే అచ్చయి ఉంటుంది. బండి ఏ నెలలో చెడుతుందో తెలియకపోవచ్చు. ఏడాదిలో ఒకసారైనా చెడుతుందని తెలుసు.

నా వృత్తిలో ఒక ఇంటిని ఒకే ఒక్క మార్పు చేయమనే వీలుంటే, ఈ పద్దుకు విడి ఖాతా పెట్టమంటాను. పొదుపు కుదరడం లేదంటూ వచ్చే ఇళ్లలో చాలావాటిలో పొదుపు జరుగుతూనే ఉంటుంది. మూడు నాలుగు నెలలకోసారి ఇలాంటి ఖర్చొకటి వచ్చి దాన్ని తుడిచేస్తుంది. ఇంట్లోవాళ్లకు గుర్తుండేది తుడిచిపెట్టుకుపోవడమే. 'మనవల్ల కాదు' అన్న నిర్ణయం అక్కడే పుడుతుంది. ఆ నిర్ణయం పోయిన డబ్బుకన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

గుర్తున్న సరదాలు, గుర్తులేని సరదాలు

రెండో సమావేశానికి అయిదుగురినీ రమ్మన్నాను. సరదా కింద లెక్కించదగిన ఖర్చులన్నీ, అంటే భోజనాలు, చిన్న కొనుగోళ్లు, యాత్ర, చందాలు, తేదీతో సహా అచ్చువేసి ఒక్కొక్కరికీ విడివిడిగా ఇచ్చాను. ఒకరి కాగితం మరొకరు చూడకూడదు. ప్రతి వరుస పక్కనా రెండు ప్రశ్నలు: ఇది గుర్తుందా? మళ్లీ కావాలనిపిస్తోందా?

భోజనాల మీద పెట్టిన 60లో రెండు ప్రశ్నలకూ అవునన్న జవాబు ఎవరో ఒకరి నుంచైనా వచ్చింది 18కి మాత్రమే. అవన్నీ అయిదుగురూ కలిసి బయటికి వెళ్లిన సాయంత్రాలు. మిగిలిన 42లో దాదాపు అంతా పనిరోజుల్లో రాత్రి ఇంటికి తెప్పించుకున్నది. తేదీలు చూస్తే భార్యకు ఆఫీసులో ఆలస్యమైన రోజులవి. దాన్ని సరదా పద్దులో రాయడమే అన్యాయం. అది అలసటకు కట్టిన మూల్యం. దాన్ని తగ్గించాలంటే నోరు కట్టుకోమని చెప్పి లాభం లేదు. ఆ రాత్రులకు వంట ఎవరి బాధ్యతో తేల్చాలి. ఈ మాట అనగానే భర్త కాసేపు కాగితాలు సర్దుకున్నాడు.

చిన్న కొనుగోళ్ల 36లో సగానికి పైగా ఎవరికీ గుర్తులేదు. కొన్నిటిని ఎవరు కొన్నారో కూడా తేలలేదు. చందాల విషయంలో కూతురు తీర్పు సూటిగా ఉంది. "నాకు పాటల చందా ఒక్కటి ఉంటే చాలు. మిగతావి నాన్న మొదలుపెట్టి మరచిపోయినవే." వీడియో చందాలు నాలుగు ఒకేసారి నడుస్తున్నాయి, ఏ ఒక్కదాన్నీ నెలంతా చూడటం లేదు. ఒకటి ఆపి మరొకటి, విడతలవారీగా పెట్టుకోమన్నాను. డబ్బు మిగలడమే దీనికి కారణం కాదు. జోర్డి క్వాడ్‌బాక్, ఎలిజబెత్ డన్ 2013లో ప్రచురించిన ప్రయోగంలో ఒక వారం చాక్లెట్ మానేసినవాళ్లు, మానని వాళ్లకంటే తర్వాత దాన్ని ఎక్కువ ఆస్వాదించారు. ఎప్పుడూ అందుబాటులో ఉన్నది రుచి కోల్పోతుంది. కొంత ఎడం ఉంటే ఆ రుచి తిరిగి వస్తుంది. పొదుపును శిక్షగా కాక సరదాకు సాయంగా వాడుకోగలిగిన చోట్లలో ఇదొకటి.

నానమ్మగారి కాగితం మీద ఒకే ఒక గుర్తు ఉంది, అదీ విహారయాత్ర దగ్గర. మిగతా వరుసల పక్కన 'నన్నెవరూ అడగలేదు' అని రాశారు. ఆ తర్వాత జరిగిన చర్చ పొడవుగానూ, కొంత ఇబ్బందిగానూ సాగింది. ఇక్కడ వివరించను. దాని ఫలితం మాత్రం కొత్త పంపకంలో కనిపిస్తుంది.

డిపాజిట్ మీద పేచీ

వారి డిపాజిట్‌లో 70 ఉంది. దాని మీద ఏడాదికి 6 శాతం వడ్డీ. కార్డు బాకీ 60. దాని మీద నెలకు 3 శాతం. లెక్క తెలిసిన ఎవరైనా ఒకటే చెబుతారు: ఇది తీసి అది కట్టండి. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే అసలు ఎంతకాలంలో రెట్టింపవుతుందో సుమారుగా తెలుస్తుంది. డిపాజిట్ రెట్టింపు కావడానికి 12 ఏళ్లు కావాలి. కార్డు బాకీ కట్టకుండా వదిలేస్తే 24 నెలల్లో రెట్టింపవుతుంది.

భార్య ఒప్పుకోలేదు. "అది నా ధైర్యమండీ. అది లేకపోతే రాత్రి నిద్రపట్టదు." దీన్ని తెలివితక్కువతనంగా కొట్టిపారేసే సలహాదారులను చూశాను. ఆ డబ్బు చేస్తున్న పని వడ్డీ సంపాదించడం కాదు, ఆమెకు నిద్ర ఇవ్వడం. ఆ పనికి ఎంత సరిపోతుందో అడిగాను. చాలాసేపు లెక్కవేసుకుని 30 అన్నారు. మిగిలిన 40 ఆ వారమే కార్డుకు కట్టారు. నెలకు 1.8 పోతున్న వడ్డీ 0.6కి దిగింది. పూర్తిగా కట్టించి ఉంటే కాగితం మీద లెక్క ఇంకా బాగుండేది. ఆమె మూడు నెలల్లో పథకాన్నే వదిలేసి ఉండేది. డిపాజిట్‌తో కలిపి చూస్తే ఆ రోజుకు వారి నికర ఆస్తి, ఇంటినీ వాహనాన్నీ వాటి అప్పులనూ పక్కన పెట్టి, 10.

కొత్త పంపకం

21ని ఇలా పంచాం. ఏడాది ఖర్చుల ఖాతాకు 7.5, అంటే గడిచిన ఏడాది 90ని 12తో భాగించినది. సరదాల ఖాతాకు 5. అలసిన రాత్రుల కోసం 1, అంటే వారానికి ఒక రాత్రి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా భోజనం తెప్పించుకోవచ్చు. చందాలకు 0.5. మిగిలిన 7 కార్డు బాకీ తీరేదాకా దానికి, ఆ తర్వాత పొదుపుకు. జీతం పడిన మరునాడే ఇవన్నీ వాటంతటవే వాటి ఖాతాలకు వెళ్లిపోయే ఏర్పాటు బ్యాంకులో చేయించారు. నెలాఖరున మిగిలితే దాద్దామనుకున్న ఇంట్లో ఏదీ మిగలదు, ఇది అందరికీ తెలిసిన సంగతే.

సరదాల 5 గురించి కొంచెం చెప్పాలి. పొదుపు కేసులో సరదాకు అంత ఎందుకని అడిగేవారుంటారు. ఈ ఇల్లు ఒకసారి సరదాను సున్నా చేసి చూసింది, ఫలితం కార్డు మీద కనిపించింది. ఈసారి సరదా డబ్బు ముందే పక్కన పెట్టినది. దాన్ని ఖర్చు చేయకపోతేనే తప్పు. అందులో 1.5 అందరూ కలిసి బయటికి వెళ్లే సాయంత్రాలకు. గుర్తున్న ఆ 18లో ఒక్క పైసా తగ్గించలేదు. యాత్రకు 2. మిగిలిన 1.5 సొంత చేతిఖర్చులు: భర్త, భార్య, నానమ్మ తలా 0.4, పిల్లలిద్దరికీ చెరో 0.15. ఎవరి చేతిఖర్చు గురించీ ఇంకొకరు అడగకూడదు. చిన్న కొనుగోళ్లకు వేరే పద్దు లేదు. కావలసినవారు తమ చేతిఖర్చులోంచి కొనుక్కోవాలి. సొంత డబ్బు అనేసరికి తగ్గింపు ధరలు అంతగా ఆకర్షించడం మానేశాయని భర్త తర్వాత ఒప్పుకున్నాడు.

యాత్రకు డబ్బు ముందే పోగుచేయాలన్నది నా పట్టుదల. డ్రాజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టీన్ 1998లో రాసిన పరిశోధనలో, బట్టలుతికే యంత్రానికి డబ్బు తర్వాత కట్టుకుంటామన్నవారిలో చాలామంది యాత్రకు మాత్రం ముందే కట్టేస్తామన్నారు. యంత్రం ఏళ్ల తరబడి పనిచేస్తూ ఉంటుంది కాబట్టి వాయిదా కడుతున్నప్పుడు దాని ఉపయోగం కళ్లముందే ఉంటుంది. యాత్ర అయిపోయాక వచ్చే బిల్లుకు ఆ ఊరట లేదు. ఈ ఇంట్లో కిందటి యాత్రకు సంబంధించి భార్యకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది కార్డు బిల్లే.

సరదాల ఖాతా పుస్తకం నానమ్మగారి చేతికి ఇచ్చారు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఇంటి పద్దులు చేత్తో రాసేవారు. ఫోనులోని యాప్‌లకు నేను వ్యతిరేకిని కాను, కానీ చేత్తో రాసిన అంకె మనసులో ఎక్కువసేపు ఉంటుందని నా అనుభవం. జపాన్‌లో 1904లో పాత్రికేయురాలు హాని మోతోకో ప్రచురించిన ఇంటి లెక్కల పుస్తకం, ఇంటి జమాఖర్చులు రాసుకునే 'కాకేబో' పద్ధతికి మూలం. ఆ పద్ధతిని ఇప్పటికీ కాగితం మీద పాటించేవారున్నారు.

మధ్యలో వచ్చిన చిక్కులు

ఏడాది ఖర్చుల ఖాతాకు మొదట్లో ఒక బలహీనత ఉంటుంది: ఖాతా ఇంకా నిండకముందే ఖర్చు వచ్చిపడుతుంది. మూడో నెలలో బండి బీమా, పాఠశాల రుసుము ఒకేసారి వచ్చాయి. 9 తక్కువైంది. ఆమె 'ధైర్యం' 30లోంచి ఆ 9 తీసుకుని, తర్వాతి నెలల్లో ఈ ఖాతా నుంచే తిరిగి వేశారు. దాన్ని తాకడానికి ఆమె వెనకాడారు గాని, తిరిగి నిండటం చూశాక ఆ డబ్బు మీద ఆమె పట్టు కొంచెం సడలింది.

నాలుగో నెలలో కార్డు బాకీ తీరిపోయింది. ఇలాంటి కేసుల్లో ప్రమాదం మొదలయ్యేది ఇక్కడే. ఏడో నెలలో భర్త ఒక పెద్ద టీవీ కొన్నాడు, విలువ 10. అప్పు చేయలేదు. సరదాల ఖాతాలో యాత్ర కోసం అప్పటికి చేరిన 14లోంచి తీశాడు. "సరదా డబ్బే కదండీ, సరదాకే వాడాను" అన్నది ఆయన వాదన. కొడుకు అడిగిన ప్రశ్న ముందు ఆ వాదన నిలబడలేదు: "నాన్నా, అయితే మన యాత్ర ఇందులోనే చూస్తామా?" 3 దాటిన ఏ కొనుగోలుకైనా పది రోజులు ఆగాలనీ, ఉమ్మడి డబ్బయితే ఇద్దరి ఒప్పుదలా ఉండాలనీ ఆ తర్వాత నియమం పెట్టుకున్నారు. టీవీ తిరిగి ఇవ్వలేదు. పొదుపులోంచి తీసి యాత్ర ఖాతా నింపుదామని భార్యే ప్రతిపాదించింది, నేను వద్దన్నాను. పొదుపు ఖాతా ఒకసారి సరదాల ఖాతాకు తోడునీడగా మారితే ఇక రెండూ ఉండవు. యాత్ర అయిదు రోజుల నుంచి మూడు రోజులకు తగ్గింది. పిల్లవాడికి తేడా తెలియలేదు. కూతురు మాత్రం హడావిడి ఎక్కువైందని తక్కువ మార్కులే వేసింది. తక్కువ డబ్బుతోనూ అంతే ఆనందం దొరికిందని నేనిక్కడ రాయలేను.

అలసిన రాత్రుల పద్దు అనుకున్న 12కి బదులు 18 అయింది. అంతకు ముందు ఏడాది 42 కాబట్టి ఇది తక్కువే. భర్త వారానికి రెండు రాత్రులు వంటబాధ్యత తీసుకున్నాడు, కూతురు ఒక రాత్రి. ఆయన ఊరు వెళ్లిన వారాల్లో మాత్రం పాత అలవాటు తిరిగి వచ్చింది. నానమ్మగారి పంటి వైద్యానికి ఇంకో 5 పొదుపులోంచే పోయింది, ఎందుకంటే ఏడాది ఖర్చుల జాబితా వేసేటప్పుడు ఎవరూ ఆవిడ వైద్యం సంగతి రాయలేదు.

నేను ఊహించని చిక్కు భార్య చేతిఖర్చు. ఎనిమిది నెలలైనా అందులోంచి ఒక్కసారీ తీయలేదు. దాచుకోవడమే ఆమెకు ఇష్టమైతే మంచిదే కదా అని భర్త అన్నాడు. నాకు అలా అనిపించలేదు. ఇంట్లో ఒక్కరే సరదాను త్యాగం చేస్తూ ఉంటే, ఆ త్యాగం మాటల రూపంలో మిగతా నలుగురి సరదాలోకీ వచ్చి కూర్చుంటుంది. చేతిఖర్చు పొదుపుగా మారకూడదని నియమం చేర్చాం. చాలా తర్జనభర్జన పడ్డాక ఎప్పుడో ఆపేసిన వీణ పాఠాలకు తిరిగి చేరింది. ఖరీదు ఎక్కువా అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

ఏడాది తర్వాత

కార్డు బాకీ సున్నా. పొదుపులో 52, ఏడాది ఖర్చుల ఖాతాలో మిగిలింది 6, ఆమె 30 తిరిగి పూర్తిగా ఉంది. మొత్తం 88. ఏడాది క్రితం ఇదే లెక్క 10. ఆదాయం ఏమీ పెరగలేదు. సరదాల మీద పెట్టినది 144 నుంచి 84కి తగ్గింది, అలసిన రాత్రులూ చందాలూ కలుపుకునే. పాత కాగితాలనే ఈ ఏడాది ఖర్చులతో అచ్చువేసి మళ్లీ మార్కులు వేయించాను. గుర్తులేవన్న వరుసలు బాగా తగ్గాయి. నానమ్మగారు ఈసారి నాలుగింటికి గుర్తు పెట్టారు.

గొడవలు ఆగిపోలేదు. ఇప్పుడవి ఫలానా ఖాతా గురించి జరుగుతాయి, ఒకరి స్వభావం గురించి కాదు. వాటిని కూర్చుని తేల్చుకోవచ్చు.

వచ్చే నెల నుంచి భార్య జీతం పెరుగుతుంది. పెరిగిన దాంట్లో సగం, చేతికి రాకముందే పొదుపుకు వెళ్లేలా కాగితాలు సిద్ధం చేశాం. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జి 2004లో వివరించిన పథకం ఆధారం ఇదే: జీతం పెరిగినప్పుడల్లా పొదుపు వాటా పెంచడానికి ముందుగానే ఒప్పుకున్న ఉద్యోగుల పొదుపు 40 నెలల్లో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. ఉన్నదాంట్లోంచి కోయడం కంటే ఇంకా రానిదాంట్లోంచి పక్కన పెట్టడం ఎవరికైనా తేలిక. మిగిలిన సగంలోంచి నానమ్మగారి వైద్యానికి విడి పద్దు పెట్టాలి, అది ముందుగా. కూతురి పైచదువుకు ఇప్పటినుంచే దాచాలా, ఇంటి అప్పు ముందే కొంత తీర్చాలా అన్నది ఇంకా తేలలేదు. దంపతులిద్దరివీ చెరో అభిప్రాయం. రెండిటికీ లెక్కలు వేసి తెమ్మన్నాను. ఈసారి కూతురు కూడా కూర్చుంటుంది.